తీజ్ బుట్టల మన్ను

పోయినేడు వానకాలం మా ఇంటి ముంగట గడ్డి పచ్చగ పెరిగింది. తండాల నా మనుమరాలు సుమన బుట్ట మాత్రం మొలవలే. ఈ రెంటి నడుమ ఏం జరిగిందో చెప్త.

మేము లంబాడోళ్లం. మా తండా తొర్రూరు నుంచి పాలకుర్తి పోయే తొవ్వల, రోడ్డు దిగి లోపటికి పోతే వస్తది. నా కొడుకు సుభాష్ తొర్రూరుల సర్కారు బడి సారు. ఊరి చివర కాలనీల ఇల్లు కట్టి, నన్నూ నా ఇంటామె కమ్లీనీ తన దగ్గరనే పెట్టుకున్నడు. ఇంటి ముంగట పది మంచాలు ఏసుకునేంత జాగ ఇడిశి గడ్డి నాటిచ్చిండు. లాన్ అంటరు దాన్ని. నేను తండాల ఉన్నన్నొద్దులు చేన్లల్ల గడ్డి పీకినోణ్ణి. గడ్డికి నీళ్లు పోసి సాదుడు ఆడనే చూసిన. ఏమనలే.

ఆ యేడు సుమనకు పిల్లగాణ్ణి ఖాయం చేసుకున్నం. పాలకుర్తి దిక్కు తండా పిల్లగాడు, నరేశ్, కరెంటు పని చేస్తడు. దసరా ఎల్లినంక ఈ గడ్డి మీదనే టెంటు ఏసి నిశ్చితార్థం చెయ్యాలని సుభాష్ ఆలోచన. అందుకే ఆషాఢంల వాన పడంగనే ఆ గడ్డి మీద పడ్డడు.

గడ్డి నాటినప్పుడు ట్రాక్టర్ల పోసిన చెరువు మన్ను తోని లేని కలుపంత వచ్చింది. తుంగ, పల్లేరు, వయ్యారిభామ. నేను పొద్దుగాల చాయ తాగి, పీట ఏసుకొని, కొడవలి కొస తోని తవ్వి పీకేటోణ్ణి. నాకు పని దొరికిందని లోపట సంతోషమే. ఓనాడు సుభాష్ వచ్చి పక్కన కూసున్నడు.

"బాపు, పైకి కనవడ్డది నువ్వు పీకుతున్నవ్. కింద ఇత్తనాలున్నై గదా. ఇంకో వాన పడితే అన్ని లేస్తై. అవి మొలవకముందే మందు కొడత."

"గడ్డి సావదా?" అన్న.

"నాటిన గడ్డి వేరు దిగింది, దానికేం గాదు. ఈ మందు కొత్తగ మొలిచేదాన్నే ఆపుతది."

కమ్లీ కడప మీద కూసోని మా మాటలు వింటున్నది. "మరి గంగవాయిలి కూర?" అన్నది. ఆమెకు ఆ గడ్డిల నచ్చింది అదొక్కటే. వారంల రెండుసార్లు తెంపి పప్పుల ఏసేది.

"గదీ కలుపే, యాడీ. మనం నాటంది ఏది మొలిచినా కలుపే." యాడి అంటె మా భాషల అమ్మ.

"అట్లయితె నీ తమ్ముడు కలుపే. వాణ్ణి మేము అనుకోని కనలే."

కోడలు జమున వంటింట్ల నవ్వింది. సుభాష్ కూడ నవ్విండు గని, మందు మాత్రం తెచ్చిండు.

వాడు మందు కొట్టిన పొద్దు నాకు మంచిగ యాదికున్నది. నిండు చేతుల అంగీ, రబ్బరు తొడుగులు, మూతికి గుడ్డ, కండ్లకు అద్దాలు, కాళ్లకు బూట్లు. కమ్లీ చూసి, "ఎవరింట్ల దొంగతనానికి పోతున్నవ్ కొడుకా?" అన్నది. వాడు సీసా మీది కాయితం ఇప్పి రెండుసార్లు చదివిండు. మూత తోని కొలిచి పోసిండు. గాలి లేదని చేతిల దుమ్ము ఇడిశి చూసుకున్నడు. ఆకాశం చూసిండు. పక్కింటోళ్లకు చెప్పి వాళ్ల కోళ్లను గంపల కింద పెట్టిపిచ్చిండు.

మేము పత్తికి మందు కొట్టిన కాలంల బకీట్ల పోసి చెయ్యి తోని కలిపేటోళ్లం. ఆ చెయ్యి దోతికి తుడుసుకొని అన్నం తినేటోళ్లం. కండ్లు మండితే మజ్జిగ తాగి చెట్టు కింద పండేటోళ్లం. కొందరు లేశిండ్రు, కొందరు దవాఖానకు పోయిండ్రు. అందుకని వాణ్ణి చూస్తుంటే నాకు నవ్వు రాలే. నా కొడుకు నాకంటె పైలం అనుకున్న. ఆ మాట వాని తోని అనలే. అనాల్సి ఉండె.

కొట్టుడైనంక పంపు కడిగిన నీళ్లు మోరీల పొయ్యకుంట ఆ గడ్డి మీదనే చల్లిండు. ఖాళీ అయిన సీసాను మూడుసార్లు కడిగి బొక్కలు పొడిశిండు. మిగిలిన ఇంకో సీసా మెట్ల కింది ఇనుప డబ్బల పెట్టి తాళం ఏశిండు. గడ్డి సుట్టు తాడు కట్టి, "ఎండి, ఓ తడి పెట్టిందాక ఎవ్వరూ తొక్కొద్దు" అన్నడు. ఎవ్వరం తొక్కలే. కొన్ని రోజులకు తాడు ఇప్పిండు. తాడు ఇప్పంగనే మాకందరికి ఆ ముచ్చట అయిపోయినట్టే అనిపిచ్చింది.

ఆ తర్వాత గడ్డి దుప్పటి పరిచినట్టు వచ్చింది. ఒక్క పల్లేరు లేవలే. నాకు పని పోయింది.

శ్రావణంల తీజ్ వచ్చింది. తెలువనోళ్లకు చెప్త. తీజ్ మా లంబాడోళ్లల్ల పెండ్లిగాని పిల్లల పండుగ. ఒక్కో పిల్ల ఒక్కో బుట్టల మన్ను, మేక ఎరువు కలిపి నింపి, నానిన గోధుమలు చల్లుతది. బుట్టలన్ని తండా పెద్ద నాయక్ ఇంటి ముంగట మంచె మీద పెడుతరు. తొమ్మిది దినాలు పిల్లలు ఉప్పు కారం లేని తిండి తిని, బాయి నుంచి బిందెల నీళ్లు తెచ్చి, పాడుకుంట పోస్తరు. ఏడోనాడు ఢమోళి, చూర్మ చేసి మొక్కుతరు. తొమ్మిదోనాడు జానెడు మొలకల తోని చెరువుకు పోతరు. ఎవరి మొలక ఏపుగ ఉంటే వాళ్లకు మంచి ఇల్లు దొరుకుతదని నమ్మిక. పెండ్లయితే మళ్ల బుట్ట ఉండదు. సుమనకు అదే ఆఖరి తీజ్.

ఆమె తొర్రూరుల పెరిగింది, హన్మకొండల చదివింది. పరీక్షలని, కాలేజని నాలుగైదేండ్లు తండా తీజ్‌కు రాలే. ఈసారి తనే అన్నది, "తాత, ఈసారి తొమ్మిది దినాలు తండాలనే ఉంట" అని. నేను సరే అని తలకాయ ఊపి, మంచె కట్టేటందుకు ఒక దినం ముందుగాలనే తండాకు పోయిన. మా తండాల మంచె కట్టుడు మా ఇంటోళ్ల పని. మా నాయిన కట్టిండు, నేను కడుతున్న.

నేను ఆడ వాసాలు పాతుతుంటే ఈడ తొర్రూరుల ఏం జరిగిందో తర్వాత కమ్లీ చెప్పింది. తండాల ఏ పిల్ల బుట్టకు ఆ పిల్ల ఇంటి మన్నే పెట్టుడు రివాజు. కొందరు చేను మన్ను తెస్తరు, కొందరు చేని గట్టున ఉన్న పుట్టమన్ను. మా చేను కౌలుకిచ్చినం. కమ్లీ అన్నదట, "తండాల నాయక్ చేన్ల పుట్టమన్ను తీసుకుందాం బిడ్డ." సుమన ఒప్పుకోలే. "నా ఇల్లు ఈడ ఉంటే ఎవరి మన్నో నాకెందుకు దాదీ? రేపు ఎవ్వలన్న అడిగితే నా వాకిలి మన్ను అని చెప్పుకుంట" అన్నదట. పొద్దుగాల తానం చేసి, లాన్ అంచు పొంటి గడ్డి అల్లని కాడ, పైపైన మెత్తటి మన్ను గోకి, జల్లెడ పట్టి, ముల్లె కట్టుకున్నది. మంచి మన్ను. నల్లగ, పిండి లెక్క ఉండె. సుభాష్ అప్పటికే బడికి పోయిండు. జమున పూజ సామాన్ల పనిల ఉన్నది. ఆ మన్నుకు మందు కొట్టినమన్న సంగతి ఎవరికి యాదికి రాలే. వచ్చేటట్టు లేదు గూడ. కాలనీల లాన్ మన్ను తీస్కపోయి ఇత్తనం ఏసేటోళ్లు ఎవరుంటరు, మేము గాక.

ఆటోల బుట్ట ఒడిల పెట్టుకొని దిగింది. మోదుగాకులు పరిచి, ఆ మన్ను, ఎరువు కలిపి పోసి, గోధుమలు చల్లి, మంచె మీద నడుమల పెట్టింది. మంచె మీదికి ఎక్కిన బుట్ట తొమ్మిదోనాడే దిగాలె. అది మా తండా కట్టు.

మూడోనాడు బుట్టలన్నిట్ల పచ్చటి మొనలు కనవడ్డై. సూదులు గుచ్చినట్టు. సుమన బుట్టల మన్ను ఉత్తగనే ఉన్నది.

నాయక్ సక్రు వాళ్ల మేనత్త ద్వాళి అని ముసలామె ఉంటది. ఆమె నోటికి తండా అంత జడుస్తది. మంచె సుట్టు ఒకసారి తిరిగి, "సబ్బు చెయ్యికి గోధుమ బయపడ్డట్టున్నది" అన్నది.

ఆడోళ్లంత నవ్విండ్రు. సుమన కూడ నవ్వింది. "రేపు లేస్తది అవ్వా. మా కాలనీల అందరు ఆలిశెంగనే లేస్తరు" అన్నది. ద్వాళి కూడ నవ్వింది.

తెల్లారి గూడ లేవలే. ఆ రోజు ఎవ్వరు నవ్వలే. నాకు నవ్వినప్పటికంటె అదే పరేషాన్ అనిపిచ్చింది. బాయి కాడికి పోయేటప్పుడు సుమన ముందు నడిచేది, ఆనాడు ఎనుక నడిశింది. పాట పాడుతున్నది గని పెదవులే కదులుతున్నై. తన బుట్టల నీళ్లు పోసేటప్పుడు చెయ్యి జర అడ్డం పెట్టి పోసింది, ఎవరికి కనవడకుంట. ఆడోళ్లు పక్కకు పోయి మాట్లాడుకుంటుండ్రు. మా తండా బాల్‌సింగ్ భార్య, "పిల్లగానోళ్లు ఢమోళి నాటికి వస్తరట గదా, చూస్తే ఏమనుకుంటరో" అన్నది. మెల్లగనే అన్నది గని, మంచె కాడ మెల్లగ అన్న మాట గూడ వినవడుతది.

మాకు తండాల పాత ఇల్లు ఒక అర్ర ఉన్నది. అయిదోనాడు పొద్దుగాల కమ్లీ ఓ తడిగుడ్డ మూట సుమన ముంగట పెట్టి ఇప్పింది. లోపట మొలకెత్తిన గోధుమలు.

"తెచ్చిన గోధుమలు మిగిలితే కట్టిపెట్టిన. నీళ్లు పోసేటప్పుడు మన్నుల అదిమిపెట్టు బిడ్డ. ఎవరికి ఎరుక?"

"వద్దు దాదీ."

"ఏమైతది?"

"దొంగ మొలక నాకొద్దు. లేవకుంటె లేవకపోయింది." ఆమె గోడ దిక్కు తిరిగింది. "నా చేతిలనే ఏదో ఉన్నట్టున్నది."

నేను కడప అవుతల కూసోని బీడీ తాగుతున్న. బీడీ ఆర్పిన. లేశి మంచె కాడికి పోయిన. పిల్లల బుట్టలు మొగోళ్లు ముట్టొద్దు గని, మంచె వాసాలు సదురుతున్నట్టు చేసి, సుమన బుట్టల వేలు పెట్టి రెండు గింజలు తీసిన.

గింజ కుళ్లలే. మొలక కూడ వచ్చింది. గని కిందికి సన్నగ దిగాల్సిన వేరు, బొటనవేలు లెక్క ఉబ్బి, పొట్టిగ ఆడనే ఆగిపోయింది. పక్క బుట్టల వేర్లు తెల్లటి దారాలోలె బుట్ట అల్లికల నుంచి బయటికొచ్చి యాలాడుతున్నై. అదే గోధుమ, అదే బాయి నీళ్లు, అదే మేక ఎరువు. తేడా మన్నుదొక్కటే.

ఇంటికొచ్చి సుమనను అడిగిన. "మన్ను ఏడిది బిడ్డ?"

"మనింటిదే తాత. లాన్ అంచుది."

నాకు తాడు కట్టిన గడ్డి కండ్ల ముంగట కనవడ్డది.

"మీ నాయినకు ఫోన్ కొట్టు."

ఆమె కొట్టి నా చెవుకు పెట్టింది. "సుభాష్, ఆ మందు మన్నుల ఎన్నొద్దులు ఉంటది?" అన్న.

"రెండు మూడు నెలలు పనిచేస్తది బాపు. ఎందుకు?"

"పిల్ల బుట్టల ఆ మన్నే ఉన్నది."

అవుతల నుంచి బడి గంట వినవడ్డది. "వస్తున్న" అన్నడు.

సుమన నా మొఖం చూస్తున్నది. గింజలు ఆమె చేతిల పెట్టిన. "నీ చేతిల ఏం లేదు" అన్న. ఆమె ఆ గింజలను తిప్పి తిప్పి చూసి, ఏడుపు మొదలుపెట్టింది. కమ్లీ ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టింది. నేను బయటికొచ్చిన.

సుభాష్ పగటి నీళ్ల యాళ్లకు బండి మీద వచ్చిండు. అంగీ అంత తడిశింది. నన్ను నాయక్ ఇంటెనుకకు తీస్కపోయిండు.

"సీసా మీద ఉన్నది బాపు. ఆ జాగల వేరే ఇత్తనం ఏసేముందు ఆగాలని. నేను చదివిన. లాన్ల ఇంకేం ఏస్తమని ఇంట్ల చెప్పలే." వాడు చేతులు నలుపుకుంటున్నడు. "పిల్లలు బాయికి పోయినప్పుడు చప్పుడు గాకుంట మార్చేద్దాం. అందరి ముంగట చెప్తే పిల్లకు నామోషి."

నేను ఆలోచించిన. తర్వాత అడిగిన, "మార్చకపోతే ఈ బుట్ట ఏడికి పోతది?"

"చెరువుకు." అని ఆగిండు. "ఆ మందు చెరువుల్ల, కుంటల్ల కలవనియ్యొద్దని గూడ ఉన్నది. చేపలకు ఖరాబు."

"మార్చిన మన్ను ఏడ పోస్తవ్?"

వాడు సుట్టు చూసిండు. ఓ దిక్కు మేకల దొడ్డి. ఓ దిక్కు బాల్‌సింగ్ మిరప నారు. చెరువు సరే సరి.

"నామోషి ఇప్పుడే ఉన్నది పిల్లకు. చెప్తే పోతది" అన్న.

పిల్లలు బిందెల తోని వచ్చిండ్రు. ఆడోళ్లు మంచె కాడ చేరిండ్రు. సక్రు నులక మంచంల కూసోని ఉన్నడు. నేను నడుమలకు పోయి నిలవడ్డ. నాయక్ వాకిట్ల నేను నిలవడి మాట్లాడి ఎన్నేండ్లయిందో నాకే యాదికి లేదు.

"మన్ను మాది" అన్న.

అందరు ఇటు తిరిగిండ్రు. ద్వాళి నా పేరు పట్టి, "సేవ్యా నోరు తెరిశిండు. ఇగ వాన ఆగుతది" అన్నది.

"పిల్ల చెయ్యి మంచిదే. మన్ను మంచిది గాదు. మా ఇంటి ముంగట గడ్డికి మందు కొట్టినం. గా మన్ను..."

సుమన దగ్గర మళ్ల తీసుకున్న గింజలు అరచేతిల పట్టుకొని నిలవడ్డ. అప్పుడు సుభాష్ వచ్చి నా పక్కన నిలవడ్డడు.

"కొట్టింది నేను" అన్నడు. "అది ఇత్తనాన్ని మొలవనియ్యని మందు. నా బిడ్డకు చెప్పలే. ఆమెకు తెలువకుంట ఆ మన్నే తెచ్చింది. ఏ ఇత్తనం ఏసినా అండ్ల గిట్లనే అయితది. మీకెవ్వరికి ఏం గాదు గని, ఆ మన్ను చెరువుల కలవొద్దు. నేను తీస్కపోత." బడిల సార్లు మాట్లాడినట్టు గాకుంట, తండాల పుట్టినోడు మాట్లాడినట్టు మాట్లాడిండు. గింజలు నా చేతిలకెళ్లి తీసుకొని అందరికి చూపెట్టిండు.

బాల్‌సింగ్ లేశిండు. నా ఈడోడు. "తప్పు ఎవరిదో నాకొద్దు. మంచె ఎక్కిన బుట్టను నడుమల దించుడు ఏ తండాలన్న ఉన్నదా? ఒక్క బుట్ట దిగితే తీజ్ దిగినట్టే" అన్నడు.

వాని మాట కొట్టేసేది గాదు. పిల్లలంత బిందెలు నెత్తి మీద పెట్టుకొని అట్లనే నిలవడ్డరు. సుమన అందరికంటె ఎనుక ఉన్నది. బిందెల నీళ్లు ఆమె భుజం మీద కారుతున్నై, తుడుసుకుంటలేదు.

సక్రు చాన ఆలోచించిండు. గడ్డం గోక్కున్నడు. "బుట్ట దించొద్దు" అన్నడు. "అది తప్పనియ్య. గని మంచె మీద ఉండంగనే మన్ను మార్చొద్దని మన పెద్దోళ్లెవరన్న చెప్పిండ్రా? ఎవరన్న విన్నరా?"

ద్వాళి చేతికట్టె నేల మీద పొడిశింది. "నేను వినలే. నాకంటె పాతది ఎవరున్నరీడ, ముంగటికి రమ్మను."

ఎవ్వరు రాలే. బాల్‌సింగ్ కూసున్నడు. "అయితే కానియ్యి. బుట్ట మాత్రం కదలొద్దు" అన్నడు.

సుభాష్ బండి డిక్కిలకెళ్లి రబ్బరు తొడుగులు తీసి బిడ్డకిచ్చిండు. పిల్లల బుట్ట పిల్లలే ముట్టాలె గదా. సుమన మంచె ఎక్కి, తొడుగులు ఏసుకొని, మోదుగాకుల తోని సహ మన్నంత పట్టి పట్టి తీసి ఎరువు సంచిల పోసింది. కింద నుంచి సుభాష్, "నెమ్మది, పక్క బుట్టల పడనియ్యకు" అంటున్నడు. తోటి పిల్లలు ఆ తొడుగులు చూసి, "డాక్టరమ్మ ఆపరేషన్ చేస్తున్నది" అని నవ్వుతున్నరు. సుమన గూడ నవ్వవట్టింది. అంతకుముందు రెండు దినాలు నేను ఆ నవ్వు కోసమే చూసిన.

కొత్త మోదుగాకులు ఎవరో తెచ్చిండ్రు. పుట్టమన్ను ద్వాళి ఇంట్లకెళ్లి వచ్చింది. కమ్లీ తడిగుడ్డ మూట తెచ్చి అందరి ముంగటనే ఇప్పింది.

"ఇప్పుడన్న పెడుతవా బిడ్డ?"

"ఇప్పుడు పెడుత దాదీ" అన్నది సుమన.

సుభాష్‌కు బడి ఉన్నది, బండి మీద సంచి నిలవదు. సంచి నేను తీసుకున్న. రోడ్డెక్కి బస్సు పట్టుకున్న. కండక్టరు పిల్లగాడు సంచి చూసిండు.

"ఏంది తాత సంచిల?"

"మన్ను."

"మన్నా? బస్సుల మన్నేంది? తాత, ఆడోళ్లకే ఫ్రీ, మన్నుకు లేదు."

"టికెట్ కొట్టు" అన్న.

పక్క సీటామె నవ్వింది. కండక్టరు కూడ నవ్వి, సంచికి టికెట్ కొట్టలే. సంచి కాళ్ల నడుమ పెట్టుకొని, మూతి రెండు చేతుల బిగ్గట పట్టుకొని కూసున్న. బరువు ఎక్కువేం లేదు. గని బిడ్డను దవాఖానకు తీస్కపోయినట్టు పట్టుకపోయిన.

ఇంటికాడ సుమన గోకిన జాడ ఇంక అట్లనే ఉన్నది. ఆ అంచు పొంటనే మన్ను పరిచి, సంచి దులిపి, ఓ చెంబు నీళ్లు చల్లిన. జమున సబ్బు తెచ్చిచ్చింది. "మామా, మోచేతుల దాక కడుగు, రెండుసార్లు" అన్నది. కడిగిన. అన్నం తిని మళ్ల తండాకు పోయిన.

ఢమోళి నాడు నరేశ్ వాళ్ల యాడి వచ్చింది. ఎవరు చెప్పిండ్రో ఆమెకు అంత ఎరుకనే. మంచె కాడ చానసేపు నిలవడి, "గా చిన్నది మా పిల్లదేనా?" అని అడిగింది. "ఔ" అన్నది కమ్లీ. "మంచిగనే లేస్తున్నది" అన్నదామె. అంతే. మా పిల్ల అన్నది. కమ్లీ ఆ మాట ఆనాడు పొద్దుగూకేదాక చెప్పుకున్నది.

తొమ్మిదోనాడు బుట్టలన్ని దిగినై. అందరి మొలకలు జానెడు పెరిగి ఒంగినై. సుమనవి వేలంతనే ఉన్నై, లేతగ, నిలువుగ. పిల్లలు చెరువు కట్ట మీద బుట్టలు దించి పాడి పాడి ఏడ్చిండ్రు. అన్నదమ్ములు ఆ పిల్లల కాళ్లు కడిగిండ్రు. పెండ్లి ఖాయమైన పిల్లలు ఎక్కువ ఏడుస్తరు. సుమన గూడ ఏడ్చింది. ఆ ఏడుపు వేరు, అది మా ఆడపిల్లలందరు ఏడ్చేదే. నాకు బాధ అనిపియ్యలే.

మొలకలు తెంపి పెద్దోళ్ల నెత్తి రుమాళ్లల్ల చెక్కుడు ఉంటది. సుమన నా రుమాల్ల చెక్కింది. పొట్టివి గదా, నిలవలే, జారి పడ్డై. మళ్ల చెక్కింది. మళ్ల జారినై. ఏడుసుకుంటనే నవ్వింది. "నీ నెత్తి గూడ నా లెక్కనే మొండిది తాత" అని, బుట్టలకెళ్లి వేర్ల తోని సహ ఓ పిడికెడు తీసి నా అంగీ జేబుల పెట్టింది. మిగిలిన బుట్ట అందరి బుట్టల తోని నీళ్లల్లకు పోయింది. మంచి మన్నే గనక నాకు రంధి లేకుండె.

తొర్రూరు వచ్చినంక జేబు చూసుకుంటె మొలకలు వాడినై గని సావలే. నల్లా కాడ మూలకు మందు కొట్టలేదని సుభాష్ చెప్పిండు, ఆడ నీళ్లు పారుతయని ఇడిశిపెట్టిండట. ఆ మూలల సుమన వాటిని అదిమింది. సుభాష్ సుట్టు నాలుగు ఇటుకలు పెట్టిండు. ఇంట్ల అందరిని పిలిచి, "ఈ ఇటుకల లోపట మందు పడదు. అవుతల మన్ను ఎవ్వరు ముట్టొద్దు, మూడు నెలలు" అని చెప్పిండు. కమ్లీ పక్కనే గంగవాయిలి కాడ ఒకటి గుచ్చింది. ఎవరు చూడట్లే అనుకున్నది.

దసరా ఎల్లింది. నిశ్చితార్థం నాడు పొద్దుగాలనే టెంటు పిల్లగాడు కుర్చీల తోని వచ్చిండు. లాన్ అంత తిరిగి చూసి, సాఫ్‌గ ఉన్నదని మెచ్చుకొని, నల్లా మూల కాడ ఆగిండు. గోధుమ మోకాలెత్తు పెరిగి, సన్నటి ఎన్నులు రెండు తీసింది. కింద గంగవాయిలి అల్లింది.

"సార్, ఈ ఒక్క మూలకే కలుపున్నది. పీకేసి ఆడ గూడ ఓ వరుస కుర్చీలు ఏస్త" అన్నడు.

సుభాష్ నా దిక్కు చూసిండు.

"నాటిందే" అన్న. "కుర్చీ జర అవుతలకు ఏసుకో."